చెక్క అంచు చూసి కొనండి

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఎవరో చెప్పారని ఆరు నెలలుగా రోజూ పరగడుపున ఒక చెంచా దాల్చిన చెక్క పొడి వేడినీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. మొన్న ఫోన్లో ఈ మాట విని డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు కంగారు పడింది. "అక్కడ మనకి అమ్మేది అసలు దాల్చిన చెక్క కాదు వదినా, కాసియా. రోజూ తాగితే లివర్‌కి మంచిది కాదు, వెంటనే ఆపించు" అంది. మేం ఎప్పుడూ కొనే కిరాణా కొట్టాయన్ని అడిగితే "ఇదే ఒరిజినల్ అమ్మా, నమిలి చూడండి, తియ్యగా ఉంటుంది" అంటాడు. ఇంకో షాపులో శ్రీలంక చెక్క అని చూపించారు. మేం 100 గ్రాములు 60 రూపాయలకి తెచ్చుకునేది అక్కడ 250. అసలుదేదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో అరకిలో చెక్క ఉంది, పారెయ్యాలా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, ముందు ఆ పొద్దుటి గ్లాసు సంగతి చూద్దాం. ఇవాళ్టి నుంచి ఆ పొడి ఆపించండి. మీ ఆడపడుచు చెప్పింది నిజమే. అయితే భయంతో కాదు, లెక్క చూసి ఆపండి, అత్తగారికి కూడా ఆ లెక్కే చెప్పండి. పెద్దవాళ్లు "మంచిది కాదట" అంటే వినరు, లెక్క చెబితే వింటారు.

కాసియా అంటే దాల్చిన చెక్కకి దగ్గరి చుట్టమైన ఇంకో చెట్టు బెరడు. అందులో కౌమరిన్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. మనిషి జీవితాంతం రోజూ తిన్నా ఇబ్బంది లేని మోతాదు ఎంతో యూరప్ ఆహార భద్రతా సంస్థ తేల్చింది: ఒంటి బరువు కిలోకి 0.1 మిల్లీగ్రాము. అత్తగారు 50 కిలోలు ఉంటారనుకుంటే రోజుకి 5 మిల్లీగ్రాములు. జర్మనీ ప్రభుత్వ సంస్థ కాసియా పొడుల్ని పరీక్షించి, కిలోకి సగటున 3 గ్రాముల కౌమరిన్ ఉంటుందని లెక్క కట్టింది. టీ చెంచా నిండా పొడి తీస్తే సుమారు రెండున్నర గ్రాములు తూగుతుంది. అంటే అత్తగారి గ్లాసులోకి రోజూ ఏడున్నర మిల్లీగ్రాముల కౌమరిన్ వెళ్తోంది. ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు. అదీ సగటు లెక్కే. కాసియాలో కూడా రకాన్ని బట్టి ఈ మోతాదు బాగా మారుతుంది, కొన్ని చెక్కల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. అసలుది, అంటే శ్రీలంక జాతి దాల్చిన చెక్కలో మాత్రం లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత తక్కువ.

ఒక రోజో, ఒక వారమో ఎక్కువైతే ఏమీ కాదు. నెలల తరబడి రోజూ అయితేనే ఆలోచించాలి. చాలామందికి ఏమీ కాదు కూడా, కానీ కొందరి కాలేయం కౌమరిన్‌కి తొందరగా దెబ్బతింటుంది, ఆ కొందరిలో మనం ఉన్నామో లేదో ముందుగా తెలిసే దారి లేదు. మానితే చాలావరకు మళ్లీ మామూలవుతుంది. అత్తగారిని ఈసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఆరు నెలలుగా ఇది తాగారని తప్పకుండా చెప్పండి, లివర్ పరీక్ష రాయాలో వద్దో ఆయనే చూస్తారు. ఆకలి చచ్చిపోయినా, కళ్లు పచ్చగా కనిపించినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా అప్పటిదాకా ఆగకండి.

కౌమరిన్ పేరు వినగానే "అది రక్తం పలచన చేసే మందు కదా" అని కూడా కొందరు భయపెడతారు. గుండె జబ్బులవాళ్లకి ఇచ్చే వార్‌ఫరిన్ అదే కుటుంబంలోది కాబట్టి వచ్చిన గందరగోళం ఇది. చెక్కలో ఉండే కౌమరిన్‌కి ఆ గుణం లేదు. చూసుకోవాల్సింది కాలేయాన్నే.

ఇక మీ కొట్టాయన మాట. ఆయన కావాలని అబద్ధం చెబుతున్నాడని నేననుకోను. హోల్‌సేల్‌లో ఆయనకి ఇచ్చేదీ "చెక్క" అనే, ఆయన మనకి అమ్మేదీ "చెక్క" అనే. మనం కూడా చెక్కా లవంగాలు అంటామే గానీ ఏ చెక్క అని ఎప్పుడైనా అడిగామా? అసలు దాల్చిని అన్న మాటే పారసీకం నుంచి వచ్చింది, 'చైనా చెక్క' అని దానర్థం. అంటే ఇవాళ ఏ చెక్కని అసలుది కాదంటున్నామో దాని ఊరి పేరే మనం రెండింటికీ పెట్టుకున్నాం. బేగంబజార్‌లో బస్తాల కొద్దీ కనిపించే చెక్క ఎక్కువగా వియత్నాం, చైనా, ఇండోనేషియాల నుంచి వచ్చే కాసియానే. మన నాలుకకి దాల్చిన చెక్క అంటే ఆ ఘాటే. అందుకే నేను దాన్ని నకిలీ అనను. కాసియా కూడా మంచి దినుసే. కాసియాని కాసియా అని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. చెప్పకపోవడమే తప్పు. మన ఆహార చట్టం నిబంధనల్లో కూడా ఈ రెండూ వేర్వేరు సరుకులు. దాల్చిని అంటే శ్రీలంక జాతి చెట్టు లోపలి బెరడు, కాసియాకి తజ్ అని పేరు పెట్టి దాని కింద చైనా, ఇండోనేషియా, వియత్నాం జాతుల్ని విడిగా చూపించారు. కాబట్టి దాల్చిని అని అచ్చు వేసిన ప్యాకెట్లో కాసియా ఉంటే మనం ఫిర్యాదు చెయ్యొచ్చు.

తీపి పరీక్షని మాత్రం నమ్మకండి. వియత్నాం కాసియా నమిలితే తియ్యగానే ఉంటుంది, ఆ వెనకే నాలుక చురుక్కుమంటుంది. అసలు చెక్కలో తీపి ఉంటుంది గానీ ఆ మంట ఉండదు. లవంగం వాసన, కాస్త నారింజ తొక్క వాసన కలిసినట్టు మెత్తగా ఉంటుంది. కారణం తైలంలోనే ఉంది. కాసియా తైలం దాదాపు అంతా సిన్నమాల్డిహైడ్ అనే పదార్థమే, అందుకే ఆ సూటి ఘాటు. అసలు చెక్కలో అది తక్కువ, దానికి తోడు లవంగంలో ఉండే యూజినాల్ కొంత ఉంటుంది. కానీ ఈ తేడా రెండూ పక్కపక్కన పెట్టుకుని వాసన చూస్తేనే తెలుస్తుంది. ఒక్కటే చేతికిచ్చి చెప్పమంటే నేను కూడా ముక్కుని నమ్మను, కంటినే నమ్ముతాను.

కంటితో చూడాల్సింది అంచు. మీ డబ్బాలోంచి ఒక ముక్క తీసి, చివర మీ వైపుకి తిప్పి పట్టుకోండి. కాసియా అయితే ఒకే దళసరి బెరడు కనిపిస్తుంది, మిల్లీమీటరో, రెండో, మూడో మందంలో. రెండు వైపుల నుంచి చుట్టిన చాపలా అటో చుట్ట ఇటో చుట్ట తిరిగి మధ్యలో కలుసుకుంటుంది. నడుమ బోలుగా ఉంటుంది, అందులోంచి అవతలికి కనిపిస్తుంది కూడా. ఒక్కోసారి చుట్టే ఉండదు, చెట్టు మీంచి చెక్కినట్టు వంపు తిరిగిన పెంకులా ఉంటుంది, పైన బూడిద రంగు మచ్చలతో. అసలు దాల్చిన చెక్క అలా ఉండదు. పొగాకు చుట్టని అడ్డంగా కోసి చూశారా ఎప్పుడైనా? అచ్చం అలాగే, పొరలో పొర, పొరలో పొర, లోపలంతా నిండుగా ఉంటుంది. ఒక్కో పొర కాగితం మందం. రంగు కూడా ముదురు ఎరుపు కాదు, లేత గోధుమ రంగు.

ఇప్పుడు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. అసలుది పూతరేకులా చిట్లిపోతుంది, పలచటి రేకులు రేకులుగా చేతిలో రాలుతుంది. కాసియాని నొక్కితే వేలు నొప్పెడుతుంది గానీ అది కదలదు, విరవాలంటే రెండు చేతులూ కావాలి, "టప్" మని విరుగుతుంది. మిక్సీలో వేస్తే మొదటి నిమిషం రాళ్లు వేసినట్టు గడగడమంటుందే, అది కాసియానే. అసలుది చిన్న రోట్లో పచ్చడి బండ ఆడించినా పొడి అయిపోతుంది.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ఇంక మర్చిపోరు. శ్రీలంకలో దీన్ని కురుందు అంటారు. చెట్టుని ఎత్తు పెరగనివ్వరు, మొదలు దగ్గర నరికి, పక్కనుంచి వచ్చే పిలకలు వేలి లావు దాటి కాస్త ముదిరాక వాటిని కోస్తారు. పైబెరడు గీకి పారేసి, ఇత్తడి కడ్డీతో కొమ్మంతా గట్టిగా రుద్దుతారు. అప్పుడు లోపలి బెరడు కొయ్యని వదులుతుంది. చిన్న కత్తితో రెండు వైపులా నిలువునా గాటు పెట్టి ఆ పలచటి తొడుగుని ఊడదీస్తారు. ఒక తొడుగులో ఇంకొకటి పెట్టి, చిన్న చిన్న ముక్కల్ని కూడా లోపల కూరి, మూరల పొడవు గొట్టంగా చేతితో చుట్టి, నీడపట్టున ఆరబెడతారు. అందుకే లోపల నిండుగా ఉండేది, అందుకే ఖరీదు. తరతరాలుగా చేతిలో ఉన్న పనితనం అది, మిషను చేసేది కాదు. 'సిలోన్ సినమన్' అన్న పేరుకి 2022లో యూరప్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, శ్రీలంక సరుకుల్లో ఆ గుర్తింపు మొదట దక్కింది దీనికే. కాసియాకి ఇంత తతంగం లేదు. ముదిరిన చెట్టు బెరడుని దళసరిగా ఒలిచి ఎండబెడతారు, ఎండేటప్పుడు అదే ముడుచుకుంటుంది.

శ్రీలంకదే అయి ఉండాలని కూడా లేదు. అదే జాతి చెట్టు మన కేరళలో ఉంది. కన్నూరు దగ్గర అంజరకండిలో ఈస్టిండియా కంపెనీ కాలంలోనే దీని తోట వేశారు. కేరళ చెక్క దొరికితే నిశ్చింతగా కొనండి. అంచు మాత్రం చూడండి.

ఒక్క చోట జాగ్రత్త. ఇండోనేషియా కాసియాని పైబెరడు గీకి, నున్నగా, ఒకే పొడవు కర్రలుగా కోసి అమ్ముతారు. చూపుకి చాలా అందంగా ఉంటుంది. నేను మసాలాలు కొట్టించి అమ్మే పని మొదలుపెట్టిన కొత్తలో అయిదు కిలోలు అలాగే శ్రీలంక ధరకి కొన్నాను. నున్నగా ఉంది, చక్కగా చుట్టుకుని ఉంది, ఇంకేం కావాలనుకున్నాను. ఇంటికొచ్చి ఒకటి విరిస్తే లోపల బోలు, ఒకే ఒక్క పొర. ఆ అయిదు కిలోలూ గరం మసాలాలోకి వాడుకున్నాను, వృథా కాలేదు గానీ కట్టిన డబ్బు తిరిగి రాలేదు. అప్పటి నుంచి విరవకుండా కొన్నది లేదు. "ఒక ముక్క విరిచి చూస్తాను" అని అడగడానికి మొహమాటపడకండి. సరుకు మంచిదైన షాపువాడు తనే విరిచి చూపిస్తాడు.

ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఇంట్లో చేసుకునే పరీక్షల్లో ఇదే చెప్పింది. అసలు చెక్క ఎంత పలచన అంటే పెన్సిల్ చుట్టూ చుట్టొచ్చని. బాగా ఎండిన చెక్కని చుట్టబోతే విరుగుతుంది, ఒక రేకు తీసి కాసేపు నీళ్లలో నాననిచ్చి చుట్టి చూడండి. కాసియాని ఎంత నానబెట్టినా పెన్సిల్‌కి చుట్టలేరు.

పొడి మాత్రం కొననే కొనకండి. దీని గురించి నేను కాస్త గట్టిగానే చెబుతాను. పొడి అయ్యాక అంచూ లేదు, పొరా లేదు, కంటికి పనే లేదు. శ్రీలంకది అని రాసి కాసియా పోసినా, రెండూ సగం సగం కలిపినా ఇంట్లో తేల్చుకోవడం మన వల్ల కాదు. వేడినీళ్లలో వేసి వదిలేస్తే కాసియా పొడి జిగురుగా, జారుడుగా ముద్ద కడుతుంది. అత్తగారి గ్లాసు అడుగున అలాంటిదే మిగులుతుంటే మీ ఊహ నిజమేనని ఒక గుర్తు. కానీ ఆ ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. 2023 చివర్లో అమెరికాలో పసిపిల్లలకి పెట్టే ఆపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం బయటపడింది, ఆరా తీస్తే అది అందులో కలిపిన దాల్చిన చెక్క పొడిలోంచి వచ్చింది. ఆ మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం మార్కెట్లో ఉన్న మరికొన్ని పొడుల గురించి కూడా హెచ్చరికలు ఇచ్చింది. మీ ఆడపడుచుకి ఇది తెలిసే ఉంటుంది, ఆమె కంగారులో అది కూడా ఉండొచ్చు. చెక్క కొనుక్కుని, అవసరమైనప్పుడు రెండు ముక్కలు ఇంట్లోనే పొడి కొట్టుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

మీ అరకిలో చెక్క పారెయ్యొద్దు, అది మంచి సరుకే. ఆరుగురికి బగారా అన్నం వండితే రెండు మూడు ముక్కలు వేస్తారు. ఆ ముక్కల్ని ఎవరూ తినరు కూడా, కంచం పక్కన పెట్టేస్తారు. వారానికోసారి పలావుకో, మాంసం కూరకో వాడుకుంటే కౌమరిన్ గురించి ఆలోచించనక్కర్లేదు. ఇంకో మాట కూడా నా అనుభవంతో చెబుతాను. బిర్యానీకి కాసియానే బాగుంటుంది. గంటసేపు దమ్ములో, మసాలాలన్నిటి మధ్య, అసలు చెక్క సువాసన అణిగిపోతుంది. 250 రూపాయలు పెట్టి తెచ్చింది గిన్నెలో ఎక్కడికి పోయిందో తెలియదు. దాన్ని పాలల్లో, టీలో, పాయసంలో వెయ్యండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

చివరిగా, మీరు అడగలేదు గానీ అడగాల్సింది ఒకటుంది. శ్రీలంక చెక్కకి మారితే అత్తగారు రోజూ చెంచాడు తాగొచ్చా అని. కౌమరిన్ భయం వరకు పోతుంది, నిజమే. షుగర్ తగ్గుతుందా అంటే, ఈ ప్రచారమంతా 2003లో పాకిస్తాన్‌లో 60 మంది షుగర్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనంతో ఊపందుకుంది. నలభై రోజులు చెక్క ఇస్తే షుగర్ తగ్గిందన్నారు. వాళ్లకి ఇచ్చింది కాసియా. కాబట్టి "అసలు చెక్కే షుగర్‌కి మందు" అని ఎవరైనా అంటే, ఆ మాటకి ఆధారంగా చూపించే అధ్యయనమే వేరే చెక్కది. తర్వాత ఎన్నో అధ్యయనాలు వచ్చాయి, వాటిని కలిపి 2012లో, వైద్య అధ్యయనాల్ని బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ పరిశీలిస్తే షుగర్‌కి దీన్ని వాడమని చెప్పేంత ఆధారం దొరకలేదు. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ కూడా సిఫారసు చెయ్యడం లేదు. అత్తగారి షుగర్ అదుపులో ఉంటే అది మాత్రల వల్ల, తిండి విషయంలో ఆవిడ పాటిస్తున్న పట్టుదల వల్ల. ఆ ఘనత చెక్కకి ఇవ్వకండి, ఆవిడకే ఇవ్వండి. మాత్ర మాత్రం ఒక్కటి కూడా తగ్గించుకోనివ్వకండి.

ఆరు నెలలు అలవాటైన గ్లాసు ఒక్కసారిగా మానమంటే పెద్దావిడకి వెలితిగా ఉంటుంది. పొద్దున్నే ఏదో వేడిగా, సువాసనగా గొంతులోకి దిగాలి. 50 గ్రాముల అసలు చెక్క తెచ్చి, వేలెడు ముక్క నీళ్లలో వేసి మరిగించి, వడగట్టి ఇవ్వండి. మందు అని కాకుండా, పంచదార లేని టీ అనుకుని తాగుతారు. ఆ చెక్క గాజు సీసాలో, గట్టి మూత పెట్టి, పొయ్యికి దూరంగా ఉంచండి. సీసా మీద పేరు రాసి పెట్టండి, కాసియా డబ్బా మీద కూడా. లేకపోతే పండగ రోజు హడావిడిలో ఎవరో ఒకరు ఆ ఖరీదైన చెక్కంతా పలావులో వేసేస్తారు.